నాలుగు రంజీ మ్యాచ్‌లు ఆడి ఆగిపోయిన డాక్టరు జీవితం ఏమవుతుంది?

విజయవాడ నుంచి ఒక తండ్రిగారు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళబ్బాయి గుంటూరులో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. మీడియం పేసర్, అంటే ఓ మోస్తరు వేగంతో బంతి వేసే బౌలర్. ఈసారి రంజీ ట్రోఫీకి, అంటే రాష్ట్ర జట్ల మధ్య జరిగే క్రికెట్ టోర్నీకి, ఆంధ్ర ప్రాబబుల్స్‌లో (జట్టును ఎంచుకునే ముందు వేసే పెద్ద జాబితాలో) పేరు వచ్చింది. అప్పట్నుంచి వాళ్ళమ్మగారు సరిగ్గా అన్నం తినడం లేదట. "డాక్టరు చదువుతూ రంజీ ఆడినవాళ్ళు అసలు ఉన్నారా? ఉంటే, నాలుగు మ్యాచ్‌లు ఆడి ఆగిపోయినవాళ్ళ జీవితం ఏమైంది? మావాడు రెంటికీ చెడ్డ రేవడి అవుతాడేమోనని భయంగా ఉంది" అని రాశారు.

ఉన్నారండీ. మన దగ్గరా ఉన్నారు, బయటి దేశాల్లో ఇంకా ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది జీవితం చివరికి డాక్టరు జీవితమే అయింది. ఆ నాలుగు మ్యాచ్‌లు దానికి అడ్డం రాలేదు. అయితే ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను గుంటూరు కొత్తపేటలో ఎముకల డాక్టర్ని. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడాను. రంజీ స్థాయి ఆట నాది కాదు. ప్రాక్టీసు పెట్టాక మ్యాచ్‌లకీ క్యాంపులకీ డాక్టరుగా వెళ్తూ వచ్చాను. కుర్రాళ్ళ నడుములూ భుజాలూ, వాళ్ళ అమ్మానాన్నల టెన్షనూ చాలా దగ్గర్నుంచి చూశాను.

ముందుగా మా సీనియర్ ఒకాయన గురించి చెబుతాను. పేరు రాయను. ఇలాంటివి బయట చెప్పుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు. మేమందరం అన్నా అని పిలిచేవాళ్ళం. తెనాలి వైపు పసుపూ మిరపా పండించే రైతు కుటుంబం. ఆ ఇంట్లో మొదటి డాక్టరు ఆయనే. బంతిని బ్యాట్స్‌మన్ నుంచి బయటికి స్వింగ్ చేసేవారు. అప్పట్లో మా జిల్లాల్లో ఎక్కువ మ్యాచ్‌లు మ్యాటింగ్ మీద జరిగేవి. కొబ్బరి పీచు మ్యాట్ మీద సీమ్ (బంతి కుట్టు) తగిలితే బంతి లేచేది, కోసుకుపోయేది. జిల్లా లీగులో ఆయన్ని ఎదుర్కోవడం మాకెవరికీ చేతయ్యేది కాదు. అలా జిల్లా జట్టు నుంచి జోనల్ మ్యాచ్‌లకీ, అక్కడి నుంచి ఆంధ్ర జట్టుకీ వెళ్ళారు.

ఆ కబురు వచ్చేసరికి ఆయనకు క్లినికల్ పోస్టింగ్స్, అంటే వార్డుల్లో పేషెంట్ల దగ్గర నేర్చుకునే డ్యూటీలు, నడుస్తున్నాయి. యూనిట్ చీఫ్ ఒకాయన వార్డులో పేషెంట్ల ముందే "స్టెతస్కోపు కావాలా, బంతి కావాలా తేల్చుకో" అన్నారు. సర్జరీలో ఇంకో ప్రొఫెసర్ మాత్రం పిలిచి, "వెళ్ళిరా. తిరిగొచ్చాక సాయంత్రాలు నా యూనిట్‌కి వచ్చి పోయిన పోస్టింగ్ పూర్తి చెయ్యి. అలా అయితేనే సంతకం పెడతాను" అన్నారు. అన్న ఆయన చెప్పినట్టే చేశారు కూడా. మ్యాచ్ ఆడి రాత్రి రైల్లో వచ్చి, మర్నాడు సాయంత్రం వార్డులో కేస్ షీట్లు రాసుకుంటూ కనిపించేవారు. అయినా అటెండెన్స్ చాలలేదు. ఒక పరీక్షకు కూర్చోనివ్వలేదు. ఆయన బ్యాచ్ ముందుకెళ్ళిపోయింది, ఆయన ఆడ్ బ్యాచ్‌లో, అంటే వెనకబడి వేరుగా పరీక్ష రాసేవాళ్ళలో, పడ్డారు. తోటివాళ్ళు హౌస్ సర్జన్లుగా డ్యూటీలు చేస్తుంటే ఆయన ఇంకా పరీక్షకు చదువుకుంటున్నారు. ఊళ్ళో చుట్టాలు వాళ్ళ నాన్నగారిని ఏమేం అని ఉంటారో మీరు ఊహించుకోగలరు. ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. ఆటకి ఆయన చెల్లించిన ధర అది.

ఆంధ్రకు ఆయన ఆడింది రెండు సీజన్లు. అదీ అన్ని మ్యాచ్‌లూ కాదు. వికెట్లు కొన్నే వచ్చాయి. మూడో సీజన్‌కి పిలుపు రాలేదు, ఆయన కూడా ఎదురుచూడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అడిగాను, బాధగా ఉండదా అన్నా అని. ఆయన ఏమన్నారంటే: "నా బంతి బయటికి పోతుంది సరే, టర్ఫ్ మీద, అంటే మ్యాట్ లేని పిచ్ మీద, దానికి కావలసిన వేగం నా దగ్గర లేదు. మ్యాటింగ్ మీద ఆడినన్నాళ్ళూ ఆ సంగతి తెలియలేదు. ఎదురుగా టెస్టులాడినవాడు నిలబడితే మొదటి స్పెల్‌లోనే తెలిసిపోయింది. రెండేళ్ళు కష్టపడ్డాను, వేగం పెరగలేదు. తెలిసింది కాబట్టి ప్రశాంతంగా ఆపేశాను. తెలియకుండా ఆపేసి ఉంటే ఇప్పటికీ అదే ఆలోచిస్తూ ఉండేవాణ్ణి."

మీ ప్రశ్నకు నా దగ్గరున్న అసలు జవాబు ఇదే. నాలుగు మ్యాచ్‌లతో ఆగిపోవడాన్ని మనం ఓటమి అనుకుంటాం. ఆడినవాడికి అది తన స్థాయి ఎంతో తేలిపోవడం. చేతిలో వైద్యం ఉన్న కుర్రాడికి ఆ జవాబు ఇరవై రెండేళ్ళకే దొరికినా నష్టం లేదు. వెంటనే వార్డులోకి వచ్చి నిలబడగలడు. నేను చూసినవాళ్ళలో నిజంగా చితికిపోయినవాళ్ళు వేరే ఉన్నారు. ఇంటర్‌తోనే చదువు ఆపేసి, ముప్ఫై ఏళ్ళొచ్చేదాకా ప్రాబబుల్స్ జాబితాల చుట్టూ తిరిగినవాళ్ళు. మీ అబ్బాయి ఆ స్థితిలో లేడు.

ఆ అన్నగారి తర్వాతి జీవితం కూడా చెబుతాను, మీరు అడిగింది దాని గురించే కదా. హౌస్ సర్జన్సీ అయ్యాక సర్జరీలో పీజీ చేశారు. పల్నాడు వైపు ఒక ఊళ్ళో నర్సింగ్ హోమ్ పెట్టారు. అపెండిక్స్, హెర్నియా, ట్రాక్టరు తిరగబడి నుజ్జయిన కాళ్ళు. పాము కాటు కేసులు. పత్తి పోయి, అప్పులు తీర్చలేక పురుగుల మందు తాగిన రైతులు వచ్చిన రోజుల్లో రాత్రంతా మంచం పక్కనే కూర్చుని, కంటిపాపలు చూస్తూ విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ గడిపేవారు. ఆయన రంజీ ఆడారని అక్కడి కాంపౌండరుకే చాలాకాలం తెలియదు. ఆదివారం పొద్దున హైస్కూలు గ్రౌండులో పిల్లలకు బౌలింగ్ చేసేవారు, మోకాలు పాడయ్యేదాకా. ఆట వల్లే మంచి సర్జన్ అయ్యాననే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. నా చేతికి సర్జరీ నేర్పింది సర్జరీయే అనేవారు. నాకు ఆ నిజాయితీ నచ్చుతుంది. ఆట పనికొచ్చిందని రుజువు చేయాల్సిన అవసరం లేదు. ఆడాలనిపించింది, ఆడగలిగారు, ఆడారు.

ఆ రోజుల్లో అన్ని తక్కువ మ్యాచ్‌లు ఎందుకు ఆడేవారో కూడా తెలుసుకోవాలి. రంజీ ట్రోఫీ 1934-35లో మొదలైంది. మన ఆంధ్ర జట్టు అడుగుపెట్టింది 1953-54లో. భారత్ మొదటి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడు గారు, అప్పటికి యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆంధ్రకు కెప్టెన్‌గా ఆడారు. 2002 దాకా మొదటి దశ లీగ్ జోన్ల వారీగానే జరిగేది. సౌత్ జోన్‌లో హైదరాబాద్, కర్ణాటక, తమిళనాడు, కేరళ, తర్వాత గోవా. అంటే ఆంధ్ర ఆటగాడికి ఏడాదికి నాలుగైదు మ్యాచ్‌లే. నాకౌట్‌కి వెళ్తే ఇంకొన్ని, మనం వెళ్ళింది తక్కువ. ఇటు వైపు కర్ణాటక, అటు వైపు హైదరాబాద్, పక్కన తమిళనాడు. మూడు జట్ల నిండా టెస్టు ఆటగాళ్ళే. రెండు సీజన్లు జట్టులో ఉన్నా పది మ్యాచ్‌లు దాటడం కష్టం. పాత స్కోరు పుస్తకాల్లో ఒక ఆంధ్ర ఆటగాడి పేరు పక్కన ఐదు మ్యాచ్‌లో ఆరు మ్యాచ్‌లో కనిపిస్తే వాడికి ఆట రాదని అనుకోకూడదు. అప్పటి లెక్క అంతే.

ఇక బయటి దేశాల డాక్టర్లు. అందరికీ తెలిసిన పేరు పాతకాలపు ఇంగ్లాండ్ ఆటగాడు డబ్ల్యూ.జి. గ్రేస్. తండ్రి డాక్టరు, అన్నలూ డాక్టర్లే. గ్రేస్ 1868లో బ్రిస్టల్ మెడికల్ స్కూల్లో చేరి, డాక్టరుగా అర్హత పొందింది 1879లో. పదకొండేళ్ళు! మధ్యలో ఆట, పెళ్ళి, పిల్లలు. ఆ తర్వాత బ్రిస్టల్లో పేదలుండే పేటలో ప్రాక్టీసు పెట్టారు. ఆయన ఆట గురించి అందరూ రాస్తారు, డాక్టరుగా చేసిన ఒక పని నాకు ఎక్కువ గుర్తుంటుంది. 1887లో మాంచెస్టర్‌లో మ్యాచ్ జరుగుతుండగా క్రూమ్ అనే తోటి ఆటగాడు బౌండరీ దగ్గర ఇనుప కంచె మీద పడ్డాడు. చువ్వ మెడలో దిగింది. కుట్లు వేసే సూది తెప్పించేదాకా గ్రేస్ ఆ గాయం అంచులు రెండూ వేళ్ళతో నొక్కి పట్టుకుని కూర్చున్నారు. మెడ గాయాన్ని అంతసేపు కదలకుండా పట్టుకోవడం ఎంత కష్టమో క్యాజువాలిటీలో పనిచేసినవాళ్ళకు తెలుస్తుంది. క్రూమ్ బతికాడు.

గ్రేస్‌ని మీ అబ్బాయికి ఉదాహరణగా చెప్పకండి. అలాంటివాళ్ళు నూరేళ్ళకి ఒకరు. ఆయన లేనప్పుడు పేషెంట్లను చూడడానికి వేరే డాక్టర్లను పెట్టుకునే స్తోమత ఆట వల్లే వచ్చింది.

మీ ప్రశ్నకు దగ్గరగా ఉండేది ఆస్ట్రేలియా డాక్టరు రాయ్ పార్క్. మెల్‌బోర్న్‌లో ప్రాక్టీసు. విక్టోరియా రాష్ట్రానికి ఆడి సెంచరీలు చేసినవాడు. 1914లో దక్షిణాఫ్రికా వెళ్ళాల్సిన జట్టులో పేరు వచ్చింది, యుద్ధం వల్ల ఆ టూర్ రద్దయింది. మళ్ళీ అవకాశం వచ్చేసరికి ఆరేళ్ళు గడిచాయి. 1920-21 సీజన్‌లో, మెల్‌బోర్న్‌లోనే, ఇంగ్లాండ్ మీద టెస్టు. ముందు రాత్రంతా ఒక పేషెంటు దగ్గరే మేలుకుని ఉన్నాడని చెబుతారు. మొదటి బంతికే బౌల్డ్. ఆస్ట్రేలియా ఇన్నింగ్స్ తేడాతో గెలిచింది, రెండోసారి బ్యాటింగ్ రాలేదు. ఇంకెప్పుడూ టెస్టుకి పిలవలేదు. టెస్టుల్లో ఆయన ఎదుర్కొన్నది ఆ ఒక్క బంతే. ఆయన భార్య అల్లిక కింద పడితే తీసుకోడానికి వంగి, ఆ బంతి చూడలేకపోయిందని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఈ కథ చెప్పి అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ రాత్రి ఆయన పేషెంటు దగ్గర ఉన్నది నిజమైతే, మర్నాడు టెస్టు ఉందని తెలిసి కూడా లేచి రాలేదన్నమాట. ఆ తర్వాత కూడా విక్టోరియాకు ఆడాడు, ప్రాక్టీసు కొనసాగించాడు. ఆయన కూతురు పెళ్ళి చేసుకున్న ఇయాన్ జాన్సన్ తర్వాతి కాలంలో ఆస్ట్రేలియాకు కెప్టెన్ అయ్యాడు. ఒక్క బంతితో ఆ కుటుంబానికి ఆట మీద ప్రేమ చచ్చిపోలేదు.

షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన ఆర్థర్ కానన్ డాయల్ కూడా ఎడిన్‌బరోలో చదివిన డాక్టరే. లండన్‌లోని ఎంసీసీ క్లబ్బు తరఫున పది ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు (మన రంజీ స్థాయివి) ఆడారు, 1900 నుంచి 1907 మధ్య. అప్పటికి ప్రాక్టీసు మానేసి రచయితగా స్థిరపడ్డారు. మొత్తం మీద ఆయనకు దక్కింది ఒకే ఒక్క వికెట్. అది డబ్ల్యూ.జి. గ్రేస్‌ది. దాని మీద ఏకంగా ఒక కవితే రాసుకున్నారు! పది మ్యాచ్‌లూ ఒక్క వికెట్టూ ఒక మనిషికి ఎంత సంతోషం ఇవ్వగలవో ఇంతకంటే ఏం కావాలి.

మన దేశంలో మొదటితరం పేర్లు పార్సీలవి. బొంబాయి డాక్టరు మెహల్లాషా పావ్రీ 1888లో పార్సీ జట్టుతో ఇంగ్లాండ్ వెళ్ళిన ఫాస్ట్ బౌలర్. ఆయన తర్వాతి తరంలో డాక్టర్ కాంగా, 1911లో ఇంగ్లాండ్ వెళ్ళిన జట్టులో ఉన్నారు. ముంబైలో వర్షాకాలంలో, తడి పిచ్‌ల మీద 1948 నుంచి జరుగుతున్న కాంగా లీగ్ ఆయన పేరు మీదే. దక్షిణాఫ్రికాకు 1970లో కెప్టెన్‌గా ఆస్ట్రేలియాను 4-0తో ఓడించిన అలీ బాకర్ కూడా ప్రాక్టీసు చేసిన డాక్టరే. వర్ణవివక్ష కారణంగా ఆ దేశాన్ని బయట పెట్టడంతో ఆయనకు ఇంకో టెస్టు రాలేదు. 2003 ప్రపంచ కప్ నిర్వహణ బాధ్యత ఆయనే చూశారు.

విజయవాడవాళ్ళు కాబట్టి మీకు లక్ష్మణ్ పేరు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వి.వి.ఎస్. లక్ష్మణ్ తల్లిదండ్రులు విజయవాడ డాక్టర్లు. ఆయనకీ మెడిసిన్‌కి వెళ్ళే దారి ఉంది. ఆట ఎంచుకున్నారు. 134 టెస్టులు ఆడారు. కానీ ఒక్క సంగతి గమనించండి. ఆయన రెండూ చేయలేదు, ఒకటి ఎంచుకున్నారు. రెండూ నెట్టుకొచ్చినవాళ్ళు మన టెస్టు జట్టులో ఇంజనీర్లు: వెంకట్రాఘవన్, కుంబ్లే, శ్రీనాథ్, అశ్విన్. ఇంజనీరింగ్‌లో నోట్సు తెచ్చుకుని చదివి పరీక్ష రాసి గట్టెక్కొచ్చు. మెడిసిన్‌లో అలా కుదరదు. కడుపు నొక్కి చూసి లివర్ ఎంత పెరిగిందో చెప్పడం ఎవరి నోట్సు చూసినా రాదు. పేషెంటు పక్కన నిలబడాల్సిందే. రూల్స్ కూడా అందుకే గట్టిగా ఉంటాయి.

ఆ రూల్స్ ఏమిటంటే, థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్, క్లినికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. చేరిన రోజు నుంచి తొమ్మిదేళ్ళు దాటితే ఎంబీబీఎస్ కొనసాగనివ్వరు. నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అంటే ఒకటి రెండేళ్ళు వెనకబడినా చదువు పోదు. ఆ జాగా ఉంది. కానీ వెనకబడ్డ ప్రతి ఆరు నెలలూ పీజీ ఎంట్రన్స్‌ని కూడా వెనక్కి నెడతాయి. ఆ లెక్క ఇంట్లో అందరూ కలిసి కాగితం మీద వేసుకోవాలి.

ఇప్పుడు ఆట వైపు లెక్క. ఇప్పటి రంజీ లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు. ఎలీట్ అనే పై విభాగంలో ఒక్కో జట్టుకు ఏడు లీగ్ మ్యాచ్‌లు. అక్టోబరులో మొదలై నవంబరు దాకా కొన్ని, మధ్యలో టీ20, వన్డే టోర్నీలు, మిగిలినవి జనవరిలో. ఆడే రోజులు ఇరవై ఎనిమిదే అయినా ప్రయాణాలు, క్యాంపులు, ప్రాక్టీసు కలిపితే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మనిషి జట్టుదే. మా సీనియర్ కాలంలో సీజన్‌కి నాలుగైదు మ్యాచ్‌లు, ఒక్కోటి మూడు రోజులు. వార్డుకీ గ్రౌండుకీ మధ్య తిరగడానికి వీలుండేది. ఇప్పుడు రంజీ తుది జట్టులో ఉంటూ మామూలుగా క్లాసులకు వెళ్ళడం జరిగే పని కాదు. రెండూ ఒకేసారి నడుస్తాయని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి.

డబ్బు సంగతి కూడా మారింది. 2021లో క్రికెట్ బోర్డు సవరించిన ప్రకారం ఇరవై మ్యాచ్‌ల లోపు ఆడిన సీనియర్ ఆటగాడికి తుది జట్టులో ఉంటే రోజుకి 40 వేలు, రిజర్వులో ఉంటే అందులో సగం. నాలుగు రోజుల మ్యాచ్‌కి లక్షా అరవై వేలు. ఒక్క సీజన్ ఆడినా పీజీ కోచింగ్‌కీ, ఇంట్లో ఖర్చులకీ ఉపయోగపడే మొత్తమే. మా అన్నగారి కాలంలో ఆట వల్ల డబ్బు వచ్చేది కాదు, బ్యాంకు ఉద్యోగం వస్తే గొప్ప. కాబట్టి ఆడితే నష్టమే అన్న పాత మాట ఇప్పుడు చెల్లదు. కానీ ఆ డబ్బు తుది జట్టులోనో రిజర్వులోనో ఉన్నవాళ్ళకే. ప్రాబబుల్స్‌లో ఉన్నంత మాత్రాన చేతికేమీ రాదు.

ఇక్కడే మీరు కాస్త నెమ్మదించాలి. ప్రాబబుల్స్ అంటే ఇంకా జట్టు కాదు. జాబితాలో చాలామంది ఉంటారు, జట్టుకు పదిహేనుమందో ఎంతోమందో వెళ్తారు, మైదానంలోకి దిగేది పదకొండు మంది. మీ అబ్బాయి చదువు మానేస్తున్నాడని వాళ్ళమ్మగారు ఇప్పుడే బెంగ పెట్టుకోనక్కర్లేదు. ఇప్పుడు అతను అడుగుతున్నది క్యాంపుకి వెళ్ళనివ్వమని. వెళ్ళనివ్వండి. నా సలహా ఇందులో మొహమాటం లేకుండా ఇదే. క్యాంపు తక్కువ రోజుల పని, అక్కడే చాలా సంగతులు తేలిపోతాయి.

తుది జట్టులో చోటు వస్తే మాత్రం ఒక సీజన్ అని గడువు పెట్టుకోండి. గడువు మీరు పెట్టొద్దు, అతని చేతే పెట్టించండి. "ఈ సీజన్ పూర్తయ్యేసరికి ఇన్ని మ్యాచ్‌లు ఆడకపోతే, ఫలానా నెల నుంచి కాలేజీ" అని అతనే రాసివ్వాలి. ఇరవై ఏళ్ళ కుర్రాడు నాన్న పెట్టిన గడువు దాటడానికి చూస్తాడు, తను పెట్టుకున్నదానికి కట్టుబడతాడు. ఆ సీజన్‌లో మీరు రోజూ చదువు గురించి ఫోన్లో అడగొద్దు. ఆడేటప్పుడు పూర్తిగా ఆడనివ్వాలి. సగం మనసుతో ఆడితే మా అన్నగారికి దొరికిన జవాబు మీ అబ్బాయికి దొరకదు. "నన్ను సరిగ్గా ఆడనివ్వలేదు" అన్న మాట ఇంట్లో మిగిలిపోతుంది. నిజంగా భయపడాల్సింది ఆ మాటకే. నలభై ఏళ్ళొచ్చాక కూడా తండ్రితో ముభావంగా ఉండే డాక్టర్లు నాకు తెలుసు.

కాలేజీ వైపు చేయాల్సిన పని ఒకటుంది. క్యాంపుకి వెళ్ళేముందే ప్రిన్సిపాల్‌ని కలిసి, క్రికెట్ అసోసియేషన్ నుంచి వచ్చిన లెటరు జతచేసి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. నోటి మాట చాలదు. ఏడాది చివర్లో అటెండెన్స్ లెక్క వేసేటప్పుడు "వెళ్ళమన్నారు సార్" అంటే ఎవరికీ గుర్తుండదు. ఒక్కో డిపార్టుమెంటు హెడ్‌నీ విడివిడిగా కలవాలి. అబ్బాయే కలవాలి, మీరు వెళ్ళొద్దు. ఆటంటే ఇష్టమున్న ప్రొఫెసర్ ఒక్కరైనా ప్రతి కాలేజీలో ఉంటారు, కుర్రాడు నిజాయితీగా అడిగితే పోయిన పోస్టింగ్ ఎలా పూర్తి చేయాలో దారి చూపిస్తారు.

చివరగా నా వృత్తికి సంబంధించిన మాట. మీడియం పేసర్ అన్నారు కాబట్టి ఇది తప్పకుండా చదవండి. మెడికల్ విద్యార్థి పరీక్షల ముందు నెలలు బంతి ముట్టుకోడు. క్యాంపు రాగానే రోజుకి పదిహేను ఇరవై ఓవర్లు వేస్తాడు. కుర్ర బౌలర్ల నడుముకి అంతకంటే ప్రమాదం లేదు. వెన్నుపూస వెనక భాగంలో సన్నటి ఎముక ఉంటుంది, ఇరవై దాటిన కొత్తల్లో అది ఇంకా పూర్తిగా గట్టిపడదు. బంతి వేసేటప్పుడు నడుము వెనక్కి వంగి, పక్కకి ఒరిగి, తిరుగుతుంది. ఆ ఒత్తిడికి అక్కడ సన్నటి చీలిక వస్తుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటాం. కుడిచేతి బౌలర్‌కి ఎక్కువగా ఎడమవైపు నడుములో నొప్పి వస్తుంది. వెనక్కి వంగితే పెరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. తగ్గింది కదా అని మళ్ళీ వేస్తే చీలిక పెద్దదవుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించదు, ఎమ్మారై కావాలి. తొందరగా పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతితో అతుక్కుంటుంది. నొప్పి మాత్రలు వేసుకుని సెలక్షన్ దాకా నెట్టుకొచ్చిన కుర్రాళ్ళు సీజన్ మొత్తం పోగొట్టుకున్నారు. అటు కాలేజీ, ఇటు ఆట రెండూ ఆగిపోయి మంచం మీద ఉండటం ఎంత నరకమో వాళ్ళని అడిగితే చెబుతారు.

అందుకని క్యాంపుకి ఇంకా ఎన్ని వారాలుంటే అన్ని వారాలూ ఓవర్లు కొంచెం కొంచెంగా పెంచమనండి. ఒక్కసారిగా రెట్టింపు చేయొద్దు. నైట్ డ్యూటీ చూసిన మర్నాడు బౌలింగ్ వద్దు. నిద్ర లేని ఒంటికి కాళ్ళు సరిగ్గా పడవు, భారమంతా నడుము మీదికి వస్తుంది.

రెండు వివరాలు రాస్తే ఇంకా సరిగ్గా చెప్పగలను. క్యాంపు ఏ తేదీన మొదలవుతుంది, అప్పటికి అతని ఇంటర్నల్ పరీక్షలు ఏమైనా ఉన్నాయా అన్నది ఒకటి. గత ఏడాదిలో నడుము నొప్పి అని ఎప్పుడైనా అన్నాడా, అంటే ఏ వైపు అన్నది రెండోది. అన్నాడంటే క్యాంపుకి ముందే ఒకసారి ఎమ్మారై తీయించండి. రిపోర్టు చూసి, ఎన్ని వారాలు ఆగాలో, ఎప్పటినుంచి ఎన్ని ఓవర్లు వేయొచ్చో రాసిస్తాను.